కంపెనీ మూతపడ్డా కప్పు దొరకాలి

1920ల చివర్లో బొగ్గు తవ్వకం మొదలైన బెల్లంపల్లిలో, కాలనీల నుంచి బాయికి మూడు షిఫ్టుల మనుషులను చాలాకాలం మోసిన బండి సైకిలు. ఇప్పుడా పని మోటారుసైకిలు చేస్తోంది. పాత సైకిలును ఇనప సామాన్ల వాడికి తూకానికి వేసేటప్పుడు ఎక్కడైనా వినిపించే మాట ఒకటే: ఫ్రేము బాగానే ఉంది, సామాను దొరకట్లేదు. ఉక్కు ఫ్రేము తుప్పుతో పోవడానికి దశాబ్దాలు పడుతుంది. చాలా సైకిళ్ళు అంతకన్నా ముందే కంపెనీ సొంత కొలత వల్ల పోతాయి. కాబట్టి పాత ఫ్రేమును అందరి కొలతకు తేవడం పిచ్చి సరదా కాదు, కంపెనీతో పాటు పోవలసిన వస్తువును బతికించుకునే పద్ధతి. అయితే 'అందరి కొలత' అంటే ఏది? గొడవంతా అక్కడే ఉంది.

జాన్ కెంప్ స్టార్లీ 1885లో ఇంగ్లాండులోని కోవెంట్రీలో రోవర్ సైకిలు తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి చైను. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తర్వాత పదేళ్ళకల్లా ఫ్రేము ఇప్పటి ఆకారానికి వచ్చేసింది. కానీ మరలు మాత్రం ఎవరివి వారివే. 1902లో అక్కడి సైకిల్ ఇంజనీర్ల సంస్థ మరలకు ఉమ్మడి కొలతలు ప్రకటించింది. పెడళ్ళ ఇరుసు తిరిగే, రెండు పక్కలా బేరింగు కప్పులు మరలతో బిగిసే అడుగు గొట్టం విషయంలో బ్రిటన్‌లో స్థిరపడ్డ కొలత అంగుళానికి 24 మరలు, వెడల్పు 68 మిల్లీమీటర్లు. నాటింగ్‌హామ్‌లోని రాలీ కంపెనీ మాత్రం తన రోడ్‌స్టర్లకు 26 మరలే పెట్టుకుంది, గొట్టాన్ని 71 లేదా 76 మిల్లీమీటర్లు చేసింది. అన్నీ తానే తయారుచేసుకునే పెద్ద కంపెనీకి అది లాభమే, కప్పు అరిగితే కొన్నవాడు మళ్ళీ తన దగ్గరికే రావాలి. ఈ శతాబ్దం మొదట్లో నాటింగ్‌హామ్‌లో తయారీ ఆగిపోయింది, ఆ కప్పులు వెతుక్కోవలసిన వస్తువులయ్యాయి. మన దగ్గర అట్లాస్‌ను చూడండి. 1951లో సోనీపత్‌లో పుట్టింది, 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు, సాహిబాబాద్‌లో చివరి ఫ్యాక్టరీ మూసేసింది. అయినా అట్లాస్ నల్ల సైకిలు తొక్కేవాడికి టైరుకో చైనుకో కరువు రాలేదు. అదే కొలతలో లుధియానా తయారుచేస్తూనే ఉంది.

24కీ 26కీ తేడా ఎంతని తీసిపారేయడానికి లేదు. అర అంగుళంలో ఒకదానికి 12 మరలు, రెండోదానికి 13. 24 మరల కొత్త కప్పును 26 మరల పాత గొట్టంలో పెట్టి తిప్పితే మొదటి రెండు చుట్లు చేత్తోనే నడుస్తాయి, మనిషి మోసపోయేది అక్కడే. పావు అంగుళం లోపలికి చేరేసరికి కప్పు మీది గట్టు గొట్టంలోని గాడిలో కూర్చోకుండా గట్టుకే ఎదురుపడుతుంది. అక్కడ పెద్ద పానా వేసి బలంగా తిప్పారా, రెండు మరలూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. పైగా చైను వైపు కప్పుకు ఎడమ మరలుంటాయి, తొక్కుడుకు తనంతట తాను ఊడిరాకుండా. అది తెలియక విప్పబోయి బిగించేవాళ్ళూ ఉంటారు. 24 మరల ట్యాపును పాత మరల మీదే నడపొచ్చు, గొట్టాన్ని రెండు పక్కలా చెక్కి 68కి తేవచ్చు. కానీ మిగిలే మరలు సన్నబడి పట్టు తగ్గుతుంది. అంతకన్నా మేలైన దారి లేతు మీద ఉంది. బయట 26 మరలు, లోపల దుకాణంలో దొరికే సీల్డ్ బేరింగు కూర్చునే గూడు ఉండేలా రెండు కప్పులు తిప్పించుకుంటే ఫ్రేము మీద ఆకురాయి కూడా పెట్టనక్కర్లేదు. అరిగినా మార్చేది బేరింగే. గనులున్న ఊళ్ళో లేతు పని తెలిసినవాళ్ళకు కొదవుండదు.

ఇదే ఉత్సాహంతో చక్రాలూ మార్చేద్దామనుకుంటే నేను ఒప్పుకోను. పాత 28 అంగుళాల రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు, ఇప్పటి రోడ్డు సైకిలుది 622. కొత్త రిమ్ము అంచు ఇరుసుకు ఆరున్నర మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. రాడ్ బ్రేకు కట్టలు రిమ్మును లోపలి నుంచి పట్టుకుంటాయి, కొత్త రిమ్ముకు లోపల అలా పట్టుకునే చదును ఉండదు. అంటే బ్రేకు మార్చాలి, బ్రేకు కోసం ఫ్రేముకు రంధ్రం వేయాలి. గేర్ల చక్రం కావాలంటే వెనక చక్రం కూర్చునే సుమారు 110 మిల్లీమీటర్ల సందును 130కో 135కో వెడల్పు చేయాలి. మెత్తని ఉక్కు కాబట్టి వంచితే వంగి నిలుస్తుంది, అల్యూమినియం అయితే పగులుతుంది. వంచినా రెండు వైపులా సమానంగా రాదు. వెనక ఒక చివర నుంచి దారం తీసి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి రెండో చివరకు కట్టి, సీటు గొట్టం నుంచి రెండు పక్కలా దూరం కొలిస్తేగాని వంకర తెలియదు. ఇదంతా చేసి సాధించేదేమిటి? పల్లె దుకాణంలో కూడా దొరికే 28 అంగుళాల టైరును వదిలి, పట్నం నుంచి తెప్పించుకునే టైరుకు మారడం. తాజా కొలతే ప్రామాణికమనడం దుకాణదారుడి వాదన. ఉన్న ఊళ్ళో పంక్చరు వేసేవాడి డబ్బాలో ఏది ఉంటే అదే తొక్కేవాడికి ప్రామాణికం.

మార్పులతో ఫ్రేము బలం పోదా అని అడగొచ్చు. ఝార్ఖండ్ బొగ్గు ప్రాంతంలో ఇలాంటి ఫ్రేములకే అదనపు కడ్డీలు అతికి, పెడళ్ళూ చైనూ తీసేసి, రెండు క్వింటాళ్ళ దాకా బొగ్గు బస్తాలు వేసుకొని కొండదారుల్లో నెట్టుకెళ్ళేవాళ్ళున్నారు. ఉక్కు ఓర్పుకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. పాడుచేసేది వేడి. ఈ గొట్టాలు ఇత్తడితో అతికినవి, కరెంటు వెల్డింగు మంటకు పలచని గొట్టానికి చిల్లులు పడతాయి. కొత్త సైకిలే చవక కదా అనేవాళ్ళకు జవాబు: చవకే, ఫ్రేములో పగులుంటే అదే కొనండి. లేదంటే తూకానికి వేసేముందు ఒక్కసారి కప్పు విప్పించి, అంగుళంలో మరలెన్నో లెక్కపెట్టించండి. 24 వస్తే కొత్త కప్పులు కొనుక్కోండి, 26 వస్తే లేతు దగ్గరికి వెళ్ళండి. మూడో చుట్టులో బిగుసుకున్న కప్పు మీద మాత్రం ఎవరినీ పానా వేయనివ్వకండి.