బోరు వేయించాక దాత పనేమిటి?

కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో దానం అనగానే ఎవరికైనా తోచేవి కంటికి కనిపించే వస్తువులే: బోరు, మోటారు, చెక్‌డ్యాం, బడికి రెండు గదులు, రచ్చబండ దగ్గర నీళ్ల ట్యాంకు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు చూసే అధికారైనా, విదేశీ ట్రస్టు ప్రతినిధైనా, అమెరికాలో స్థిరపడి సొంతూరికి ఏదైనా చేయాలనుకునేవారైనా అడిగే మొదటి ప్రశ్న "ఎంత కావాలి?" అనే. ఆ డబ్బుతో పనిచేయాల్సిన స్థానిక సంస్థకో రైతు సంఘానికో డబ్బుతో పాటు ఇంకేమైనా అవసరమేమో కనుక్కునేవారు తక్కువ. ఇందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. చాలాకాలంగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే దీనికి కారణం. అవి ఎంతవరకు నిలుస్తాయో తేల్చడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. ఈ జిల్లాల నేల కింది నీళ్ల చుట్టూ పదిహేనేళ్ల పాటు సాగిన ఒక ప్రయత్నాన్ని పరిశీలిస్తే చాలు.

అపోహ: కరువు సీమకు డబ్బొస్తే చాలు, మిగతాది జనమే చూసుకుంటారు.

ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టి బతికించారు. ఆకలితో ఉన్నవాడికి ఆ పూట కావలసింది అన్నమే, శిక్షణ కాదు. ఆపదలో ఉన్నవారికి షరతుల్లేకుండా, ఆలస్యం లేకుండా ఇచ్చే డబ్బుకు సాటి లేదు. అయితే కరువులా వచ్చిపోయే ఆపద వేరు, ఏటేటా దిగిపోయే నీటిమట్టం వేరు. రెండోదానికి కూడా మొదటిదాని మందే వేస్తే ఏమవుతుందో నెదర్లాండ్స్ సహాయంతో 1995లో మొదలైన ఏపీవెల్ పథకం చూపించింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో సన్నకారు, చిన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించడం దాని పని. నీళ్లు పడ్డాయి, పంటలు పండాయి. కానీ రాతి నేలల్లో పగుళ్ల మధ్య నిలిచే నీళ్లు కొద్దిపాటివి. ఒక బోరు పారితే పక్క చేలో మరో రిగ్గు దిగుతుంది. ఇద్దరూ తోడేది ఒకే నీళ్లు కాబట్టి కొన్నాళ్లకు ఇద్దరి బోర్లూ తగ్గుతాయి. దాత ఇంకో వంద బోర్లకు డబ్బిస్తే ఆ పోటీ ఇంకాస్త వేగంగా ముగుస్తుంది, అంతే. కింద ఎంత నీరుందో, ఎంత తోడుతున్నామో ఊరికి తెలియకపోవడమే అసలు లోటు. ఆ లోటు బోర్ల సొమ్ముతో తీరేది కాదు.

ఏపీవెల్ 2003లో ముగిసింది. దాని కొనసాగింపుగా, అదే నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా రైతుల యాజమాన్యంలో భూగర్భజల నిర్వహణ అనే పథకం ఆ ఏడు జిల్లాల్లోనే వచ్చింది. ఆంగ్ల పొడి అక్షరాలతో దాన్ని ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అంటారు. నంద్యాలకు చెందిన బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి, మరికొన్ని చిన్న స్థానిక సంస్థలను కలుపుకొని, 600కు పైగా పల్లెల్లో దీన్ని నడిపింది. ఇందులో రైతుకు బోరు లేదు, మోటారు లేదు, రాయితీ లేదు. ఊరికి వర్షమాపకం వచ్చింది. బావుల్లో నీటిమట్టం చూసే పరికరం వచ్చింది. మోటారు ఎంత నీరు పోస్తోందో కొలవడానికి డ్రమ్ము, స్టాప్‌వాచ్ వచ్చాయి. వాటిని వాడి లెక్క కట్టడం నేర్పడానికి భూగర్భజల నిపుణులు ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగారు. వాన పడ్డ రోజున వాన, పదిహేను రోజులకోసారి నీటిమట్టం, నెలకోసారి మోటారు పోత. ఈ లెక్కలన్నీ ఊరి గోడ మీద అందరికీ కనబడేలా రాశారు. రబీకి ముందు రైతులంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు: ఈ ఏడు ఇంత వాన పడింది, ఇంత ఇంకింది, అందరూ అనుకున్న పంటలే వేస్తే ఇంత కావాలి, ఇంత తక్కువ పడుతుంది.

ఇక్కడే రెండో అపోహ కూలుతుంది. చదువు లేని రైతుకు శాస్త్రం ఎక్కదు, అతనికి వస్తువు ఇవ్వాలి గానీ విద్య కాదు అంటారు. నిజానికి బోరు నీటిని ఇంచుల్లో చెప్పే రైతు ఆ కొలత భాష ఎప్పుడో నేర్చుకున్నాడు. వానాకాలం నుంచి వేసవి దాకా సాగే రైతు నీటి బడుల్లో ఆడవాళ్లూ మగవాళ్లూ తమ ఊరి లెక్కలు తామే తీసి, పక్క ఊళ్లవారికి తామే వివరించారు. అది ఆ నిపుణుల ఓపిక ఫలితం. అంత ఓపికకు జీతం కట్టడానికి ఒక దాత ఒప్పుకోవడం వల్లే అది కుదిరింది.

ఫలితమేమిటి? ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన భూగర్భజల నివేదిక ప్రకారం, పథకం నడిచిన నీటి పరీవాహక విభాగాల్లో 42 శాతం చోట్ల మూడేళ్ల పాటు వరుసగా రబీ నీటి వాడకం తగ్గింది. 51 శాతం చోట్ల కొన్నేళ్లు తగ్గింది, కొన్నేళ్లు తగ్గలేదు. పెరిగింది 7 శాతం చోట్లే. ఈ అంకెలను అప్పటి పరిస్థితితో కలిపి చూడాలి. 2004 మేలో రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఎంత తోడినా రైతుకు పైసా బిల్లు లేదు. బోర్ల మీద అదుపు కోసం 2002లో చేసిన వాల్టా చట్టం ఊళ్ల దాకా అమలైన సందర్భాలు అరుదు. ధర అడ్డు లేదు, చట్టం అడ్డు లేదు, రాయితీ ఆశ లేదు. అయినా చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటల వైపు మళ్లారు. ఇన్ని ఎకరాలు మించి వేయకూడదని సంఘం కట్టుబాటు పెట్టలేదు, దాత షరతూ లేదు. గోడ మీది లెక్క చూసి ఎవరి చేను గురించి వారు నిర్ణయించుకున్నారు. మధ్యలో నీళ్లు చాలక పంట ఎండితే మునిగేది తామేనని వారికి స్పష్టంగా తెలిసింది.

డబ్బు కాకుండా ఇంకేదైనా ఇవ్వడం అంటే దాత పెత్తనం చేయడమే అనే అభ్యంతరం ఒకటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చిన్న సంస్థ తన జీతాలకు ఎవరి మీద ఆధారపడిందో ఆ మనిషి ఇచ్చే సలహాను కాదనలేదు. దాత పంపిన కన్సల్టెంటు, దాత కోరిన శిక్షణ, దాత అడిగిన పట్టికలు అన్నీ కలిసి పనివాళ్ల నెలను తినేస్తాయి. అడగని సాయం భారమే. కానీ పై ఉదాహరణలో దాత ఇచ్చినదాని స్వభావం వేరు. వేరుశనగ వేయండి, వరి మానండి అని ఎవరూ ఆదేశించలేదు. లెక్క కట్టే నేర్పు ఇచ్చారు, లెక్క ఊరి దగ్గరే ఉండిపోయింది, నిర్ణయం రైతుదే అయింది. సాయమా, పెత్తనమా అని తేల్చడానికి నాకు తోచే పరీక్ష ఇదే: ఇచ్చిన తెలివి చివరికి ఎవరి చేతిలో ఉంటుంది? దాతకు పంపే నివేదికలో ఉంటే పెత్తనం. ఊరి గోడ మీద ఉంటే సాయం.

మరో అపోహకు చట్టం ఆసరా కూడా దొరికింది: జీతాలకు, శిక్షణకు, తిరుగుడుకు పోయే సొమ్ము వృథా, ప్రతి రూపాయీ నేరుగా లబ్ధిదారుకే చేరాలి అన్నది. సొమ్ము కాజేసే సంస్థలు ఉన్నమాట నిజమే కాబట్టి ఈ అనుమానం పుట్టింది. అయితే భూగర్భజల నిపుణుడి జీతాన్ని ఆఫీసు ఖర్చు కింద రాసి కోసేస్తే పై పథకంలో మిగిలేవి కొన్ని డ్రమ్ములూ స్టాప్‌వాచ్‌లే. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించి, పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. విదేశీ విరాళం పొందిన సంస్థ ఆ సొమ్ములో భాగాన్ని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించారు. పారదర్శకత కోసమని చెప్పిన ఈ మార్పు వల్ల, ఒక పెద్ద స్థానిక సంస్థ నిధులు తెచ్చి చిన్నవాటికి పంచుతూ వాటి లెక్కలూ పనీ నేర్పుతూ వెంట నడిపించే పద్ధతి విదేశీ విరాళాలతో సాధ్యం కాకుండా పోయింది. పత్తికొండలోనో లక్కిరెడ్డిపల్లెలోనో ఉన్న చిన్న సంస్థ ఢిల్లీలోని దాతకు ఆంగ్లంలో ప్రతిపాదన రాయలేదు. దానికి పక్కనే ఒక అన్న లాంటి సంస్థ కావాలి. ఆ దారి మూయడం తప్పని నా అభిప్రాయం.

స్వదేశీ కంపెనీల విషయంలో మాత్రం చట్టాన్ని సాకుగా చూపడం సరికాదు. సామాజిక బాధ్యత నిధుల్లో పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదన్న నిబంధనను పట్టుకుని, స్వచ్ఛంద సంస్థ సిబ్బంది జీతాలకు ఇవ్వలేమని కొందరు అధికారులు అంటారు. 2021లో సవరించిన నియమాల ప్రకారం ఆ 5 శాతం కంపెనీ సొంత నిర్వహణ ఖర్చుకు మాత్రమే వర్తిస్తుంది. ఒక ప్రాజెక్టు రూపకల్పనకు, అమలుకు, పర్యవేక్షణకు, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా ఒకే ప్రాజెక్టును కొనసాగించే వీలూ ఉంది. మార్చి నెలాఖరులో హడావుడిగా ఆర్వో ప్లాంటు కట్టి చేతులు దులుపుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు.

చివరి అపోహ పైవాటన్నిటికీ పూర్తిగా అవతలి వైపుది. ఒకసారి విద్య నేర్పితే అదే నిలబడుతుంది, దాత నిశ్చింతగా వెళ్లిపోవచ్చు అన్నది. పై పథకాన్ని మెచ్చుకునేవారు చాలామంది ఇక్కడే పొరపడ్డారు. 2012లో ఐడబ్ల్యూఎంఐ-టాటా జల విధాన కార్యక్రమం పరిశోధకులు పథకం ఊళ్లకు వెళ్లి, వాస్తవమేమిటో చూద్దామని పరిశీలించి, చెప్పుకున్నంత మార్పు నిజంగా జరిగిందా, జరిగినది నిలుస్తుందా అని గట్టి ప్రశ్నలే వేశారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవి. కొలతలు తీసే రైతు ఊరు విడిచి వెళ్తే ఇంకొకరికి నేర్పాలి, పాడైన పరికరం బాగు చేయించాలి, బడ్జెట్ వేయడానికి రైతులను ఏటా కూర్చోబెట్టాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు, కానీ ఎవరో ఒకరు భుజాన వేసుకోవాలి. కాబట్టి శిక్షణ దండగ అని తీర్పు చెప్పడానికి ఈ అనుభవం ఆధారం కాదు. ఆ తోడు ఎన్నేళ్లు ఉండాలో, ఏ ఏడు ఏ పని ఎవరి చేతికి పోవాలో మొదటి రోజే రాసుకోవాలని మాత్రం ఇది గట్టిగా చెబుతోంది.

పంట నీటి బడ్జెట్ ఆలోచన ఇప్పుడు దేశమంతా తెలిసిందే. 2019 డిసెంబరులో మొదలైన అటల్ భూజల్ యోజనలో గ్రామాల నీటి బడ్జెట్ ముఖ్యమైన భాగం. ఆ పథకానికి ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ పని ఇంత ముందుగా చేసి చూపిన పల్లెలకు దాని సాయం అందలేదు. అయితే ఈ ప్రాంతంలోనే ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలున్నాయి, ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది, వాటి యజమానులకు చట్టప్రకారం ఖర్చు పెట్టాల్సిన నిధులున్నాయి. మండలానికొక భూగర్భజల నిపుణుడికి నాలుగేళ్ల జీతం, పాడైన వర్షమాపకాల మరమ్మతు, అప్పట్లో లెక్కలు నేర్చిన రైతులు కొత్తవారికి నేర్పే రోజులకు కూలి: ఒక కంపెనీ ఈ మూడింటికి మాట ఇచ్చి, ఆ నాలుగేళ్లూ ఏడాదికోసారి రబీ బడ్జెట్ సమావేశంలో శ్రోతగా కూర్చుంటే చాలు, పని మళ్లీ మొదలుపెట్టవచ్చు.