పేరు తెలియని అంజూరపు చెట్టు

మహానంది కోనేటి నీరు ఏడాది పొడుగునను అడుగు కనబడునంత తేటగా నుండునని యాత్రికులందరు నెరుగుదురు. ఆ నీరే గుడి దాటి వెలుపలికి ప్రవహించి పొలములను, అరటితోటలను తడుపుచున్నది. నల్లమల పాదమున ఇట్టి చలువ గల చోట మేడి, రావి, మర్రి పెరుగుటలో వింత లేదు. వాటి చుట్టమే సీమమేడి, అనగా అంజూరము.

గత మాఘమాసమున ఆ చుట్టుపట్ల గ్రామమొకదానిలో, పాత బావి ప్రక్కన, ఈ వ్యాసకర్త ఒక అంజూరపు చెట్టును చూచుట తటస్థించినది. "మా అత్త కాపురానికొచ్చేతలికే ఉండాదంట నాయనా. ఏం రకమో మాకేం తెలుసు" అని ఆ యింటి పెద్దమ్మ చెప్పినది. ఎండకాలమున పండ్లు బాగుగా పండుననియు, మనుమలు చెట్టు వదలరనియు కూడ చెప్పినది. అయితే ఆ బావిని పూడ్చి, ఆ చోట క్రొత్త యింటికి పునాది వేయ నిశ్చయించినారు. చెట్టు నిలుచు ఆశ లేదు.

ఇట్టి చెట్టును పేరు లేనంత మాత్రమున నాటుచెట్టని త్రోసివేయరాదు. కారణము తెలియవలెనన్న అంజూరపు పువ్వును గూర్చి కొంత తెలిసికొనవలెను.

మేడిపువ్వును చూచినవారు లేరందురు. పువ్వులు లేక కాదు. అవి కాయ లోపలనే యుండును. మేడికాయ కొన నుండు చిన్న కంతగుండా నలుసంత కందిరీగ లోనికి జొచ్చి పుప్పొడిని చేర్చి, అందే గ్రుడ్లు పెట్టును. వేమన్న మేడిపండులో చూచిన పురుగులలో ఈ జీవియు నుండవచ్చును. అది లేనిదే మేడికి విత్తనము లేదు. అంజూరమునకు వేరొక కందిరీగ కలదు. అది మన దక్కను ప్రాంతమున స్థిరపడలేదు.

మరి మన అంజూరము లెట్లు పండుచున్నవి? అంజూరములలో సామాన్య జాతియను తెగ పుప్పొడితో పనిలేకయే పండును. పూనా అంజూరము ఆ తెగలోనిదే. స్మిర్నా తెగకు మాత్రము మగచెట్టును, కందిరీగయు తప్పనిసరి. లేనిచో పిందెలు రాలిపోవును. ఇది తెలియక అమెరికాలోని కాలిఫోర్నియా రైతులు ఎంతో శ్రమపడిరి. 1880 తరువాత తురుష్క దేశమునుండి స్మిర్నా కొమ్మలను వేలకొలది తెప్పించి నాటిరి. చెట్లు ఏపుగా పెరిగినవి గాని పండు నిలువలేదు. తురుష్కులు పనికిమాలిన కొమ్మలనిచ్చి మోసగించిరని నిందించిన వారును కలరు. కందిరీగను తెచ్చి 1899లో అచట స్థిరపరచిన పిమ్మటనే ఆ చెట్ల పండు బజారు కెక్కినది.

దీనిని మన పెరటి చెట్టునకు అన్వయించి చూడుడు. పుప్పొడి లేక పండిన పండులోని గింజలు డొల్లలు; అవి మొలవవు. కావున మన ప్రాంతమున చక్కగా పండు పండించు చెట్టు, బహుశః, ఎవరో ఎచటినుండియో కొమ్మ తెచ్చి నాటినదే యగును. అది క్రొత్త రకము కాదు, పేరు మరచిన పాత రకము. ఇక పిందెలన్నియు రాల్చు చెట్టు కథ వేరు. విదేశములనుండి వచ్చు ఎండు అంజూరములలో మొలవగల గింజలుండును. వానినుండి లేచిన మొక్కలలో సగము మగవి కావచ్చును. ఆడవానిలో పెక్కింటికి కందిరీగ కావలసియుండును. అట్టి చెట్టునుండి కొమ్మ తీసి నాటిన రైతు రెండు మూడేండ్లు నీరు పోసి, తుదకు చేతులు నులుముకొనవలసినదే. చెట్టుమీద పండిన పండును కంట చూచి, తిని, ఆ పిమ్మటనే కత్తి పట్టవలెను.

పేరు కనుగొనుట అంత సులభము కాదు. 1955లో కాండిట్ అను శాస్త్రజ్ఞుడు ఆరువందలకు పైబడిన అంజూర రకములను వర్ణించెను. ఒక్క రకమే ఊరికొక పేరుతో చెలామణి యగుటయు కలదు. ఆకు చీలికలు చూచి నిర్ణయింప జూతురు గాని, ఒక్క కొమ్మమీదనే మూడు చీలికల ఆకు, ఐదు చీలికల ఆకు ఉండవచ్చును. పండు తోలు రంగు, లోగుజ్జు రంగు, కొనయందలి కన్ను తెరచియున్నదా మూసియున్నదా, తొడిమ పొడవు, పండు నెల, ఇవన్నియు వ్రాసియుంచవలెను. నేలను, ఎండను బట్టి రంగు మారును గనుక, పేరు తెలిసిన మొక్కను ప్రక్కనే నాటి పోల్చుట మేలు. ప్రయోగశాలలో జన్యుపరీక్షయు కలదు. మహానందిలో 1991లో వెలసిన వ్యవసాయ కళాశాలవారిని సలహా అడుగవచ్చును.

కొమ్మ తీయుటకు ఆకురాలు చలికాలము తగినది. పెన్సిలంత లావు గల ముదురు కొమ్మను 8 నుండి 10 అంగుళముల ముక్కలుగా, నాలుగైదు కణుపులుండునట్లు కోయవలెను. అడుగుకోత కణుపు క్రిందుగా సమముగాను, పైకోత ఏటవాలుగాను ఉన్నచో తలక్రిందులు చేసి నాటు పొరపాటు జరుగదు. (ఈ పొరపాటు తెలిసినవారును చేయుదురు.) కారు పాలు చర్మమునకు మంట పుట్టించును గనుక కడిగి, నీడలో ఆరనిచ్చి, మూడింట రెండు వంతులు మట్టిలో దిగునట్లు నాటవలెను. ఇసుక కలిసిన మట్టి కావలెను. తడి యుండవలెనే గాని నీరు నిలువరాదు. వేరు పట్టకముందు కొమ్మ చచ్చుట పెక్కుసార్లు ఎక్కువ నీటివలననే. చిగురు చూచి వేరు పట్టినదని భ్రమపడి పెరికి నాటరాదు. కొమ్మలోని నిలువ బలముతోనే మొదటి ఆకులు వచ్చును.

ఆకులపై పసుపు మచ్చలు చిత్రరూపమున నున్నచో అది వెర్రితెగులు కావచ్చును. ఆ తెగులు కొమ్మతోపాటు ప్రయాణము చేయును. వేళ్లకు బుడిపెలు కట్టించు నులిపురుగులున్న నేలలో, మేడి మొక్కపై అంటుకట్టిన అంజూరము తట్టుకొనును. మహానంది కాలువ క్రింది అరటిభూములు, నంద్యాల వైపు బరువైన నల్లరేగళ్లు అంజూరమునకు అనువు కావు. నీరు జారిపోవు ఎర్రమెట్టలే దానికి తగినవి. వర్షములో పండిన పండు పగిలి పులియును గనుక ఎండకాలపు కాపునే ఆశింపవలెను.

ఆ పెద్దమ్మ పెరటినుండి పండ్రెండు ముక్కలు తీయించి సంచులలో నాటించితిమి. పేరు తేలువరకు గుర్తుండుటకై ప్రతి సంచిపై "బావికాడి అంజూర" అని వ్రాయించితిమి. ఉగాది నాటికి తొమ్మిది చిగిర్చినవి. అప్పటికే బావి పూడ్చుట పూర్తియై, చెట్టు మొదలు ఇంటి ముందర కట్టెలలో పడియున్నది. మనుమడొకడు రెండు సంచులను తన బడికి తీసికొని పోయినాడు.