జన్యు ల్యాబులో కొలువు: అపోహలు – వాస్తవాలు

సూర్యాపేట, కోదాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కితే నేరుగా హైదరాబాద్. మిర్యాలగూడ వాళ్లకైతే రైలు కూడా ఉంది. దారి ఇంత దగ్గరే అయినా, బయోటెక్నాలజీయో మైక్రోబయాలజీయో చదివిన మన పిల్లల్ని "జెనెటిక్స్ కంపెనీలో ప్రయత్నించరాదూ" అంటే వెనకడుగు వేస్తారు. ఇంట్లో వాళ్లయితే ఇంకో అడుగు వెనక్కి. ఆ జంకు వెనకున్న మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: జన్యుశాస్త్రం మన ఊళ్లకు సంబంధం లేని వ్యవహారం.

వాస్తవం: మిర్యాలగూడ మిల్లుల్లో ఆడే బీపీటీ వడ్లనే తీసుకోండి. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ సాంబ మసూరికి అన్నంగా ఎంత మంచి పేరో, ఎండాకు తెగులుకు లొంగిపోతుందని అంత చెడ్డ పేరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చాయి. 2008లో ఆ మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. మామూలుగానే సంకరం చేసి, కావలసిన జన్యువు ఏ మొక్కకు వచ్చిందో డీఎన్‌ఏ గుర్తులతో ఏరుకున్నారు.

ఇలాంటి పనిలో ఆకు నుంచి డీఎన్‌ఏ తీసేవారు ల్యాబులో ఉంటే, బాక్టీరియాలో ముంచిన కత్తెరతో ఆకు కొసలు కత్తిరించి తెగులు సోకిందో లేదో చూసేవారు మడిలో ఉంటారు. మడిలో మనిషి ఒక వరస తప్పు రాస్తే ల్యాబులో ఎంత చదివినవారున్నా ఆ లెక్క తప్పే. పని సంస్కృతి అనే పెద్ద మాటకు అసలు అర్థం ఇక్కడుంది: చివరి మనిషి మాటకు విలువ ఉందా లేదా?

అపోహ: పీహెచ్‌డీ లేనిదే లోపలికి రానివ్వరు.

వాస్తవం: సూర్యాపేటలో తీసిన రక్తం హైదరాబాద్ ల్యాబుకు పోయి రిపోర్టుగా తిరిగొచ్చేలోపు ఎన్ని చేతులు మారుతుందో లెక్కేయండి. రక్తం తీసేవారు, చల్లదనం పోకుండా పంపేవారు, బార్‌కోడ్ అంటించి నమోదు చేసేవారు, డీఎన్‌ఏ వేరు చేసేవారు, ఆ డీఎన్‌ఏను చదివే సీక్వెన్సింగ్ మిషన్ నడిపేవారు, చివరికి రిపోర్టు మీద సంతకం పెట్టేవారు. మనిషి జన్యుక్రమంలో దాదాపు 300 కోట్ల అక్షర జతలుంటాయి. వాటిని జల్లెడ పట్టడానికి కంప్యూటర్ చదువు చదివినవారు కావాలి. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా), బీఎస్సీ, బీటెక్, ఎవరి చదువుకు తగ్గ మెట్టు వాళ్లకుంది. హైదరాబాద్‌లో 2000లో ఓసిమమ్ బయోసొల్యూషన్స్‌ను, 2013లో మ్యాప్‌మైజీనోమ్ అనే జన్యు పరీక్షల కంపెనీని స్థాపించినవారిలో ఒకరైన అనూ ఆచార్య చదివింది భౌతికశాస్త్రం.

అపోహ: తెలుగు మీడియం వాళ్లు అక్కడ నెగ్గుకురాలేరు.

వాస్తవం: రిపోర్టులూ పరిశోధన పత్రాలూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, అది నేర్చుకోక తప్పదు. కానీ రిపోర్టు వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. దాన్ని ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పే పనిని జెనెటిక్ కౌన్సెలింగ్ అంటారు.

మేనరికం సంగతి చూడండి. మేనమామ–మేనకోడలి బిడ్డకు ఏ జన్యువు విషయంలోనైనా ఒకే పూర్వీకుడి ప్రతి రెండు వైపుల నుంచీ అందే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనబావ–మరదలి బిడ్డకైతే పదహారింట ఒకటి. ఇది జబ్బు వచ్చే శాతం కాదన్నది ముందు చెప్పాలి. తలసీమియా వంటి జబ్బులో భార్యాభర్తలిద్దరూ వాహకులైతే (అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోసేవారైతే) బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అంటే ముగ్గురు బాగా పుట్టి నాలుగో బిడ్డకు వస్తుందని కాదు, ప్రతి కాన్పుకూ అదే లెక్క. "తప్పంతా కోడలిదే" అని కూర్చున్న అత్తగారికి, జన్యువు ఇద్దరి నుంచీ వచ్చిందని నొప్పించకుండా చెప్పాలి. ఆ పూట కోదాడ యాసే పనికొస్తుంది.

అపోహ: ఎదుగుదల అంటే ప్రమోషన్, ప్రమోషన్ అంటే పైవాడి దయ.

వాస్తవం: వైద్య ల్యాబుల నాణ్యతకు ఐఎస్ఓ 15189 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం మన దేశంలో ఎన్ఏబీఎల్ అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది. ఆ గుర్తింపు ఉన్న ల్యాబు తన సిబ్బందికి ఏ శిక్షణ ఇచ్చిందో, ఆ పని వారికి వచ్చిందో లేదో పరీక్షించి రాతపూర్వకంగా ఉంచాలి. అంటే మీరు నేర్చుకున్న పనికి రికార్డు ఉంటుంది. కుర్చీ మారకపోయినా చేతిలో పని పెరగడం కూడా ఎదుగుదలే.

అపోహ: తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది.

వాస్తవం: రెండు గొట్టాల లేబుళ్లు తారుమారైతే ఒకరి జబ్బు ఇంకొకరి పేరు మీదికి పోతుంది. ఆ తేడాను మొదట గమనించేది చాలాసార్లు కొత్తగా చేరిన టెక్నీషియనే. అతను నోరు విప్పగలిగితే పది నిమిషాల్లో సర్దుకుంటుంది, భయపడి ఊరుకుంటే ఒక కుటుంబం నష్టపోతుంది. అందుకే మంచి ల్యాబులో "ఎవరు చేశారు?" కంటే ముందు "ఎక్కడ జరిగింది?" అని అడుగుతారు.

నోరు విప్పాల్సిన సందర్భం ఇంకొకటుంది. "ఆడపిల్లో మగపిల్లాడో చెప్పు బాబూ" అని చుట్టాలే వచ్చి అడుగుతారు. 1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం జన్యు ల్యాబులకూ కౌన్సెలింగ్ కేంద్రాలకూ వర్తిస్తుంది. మొదటి నేరానికే మూడేళ్ల దాకా జైలు, 10 వేల రూపాయల దాకా జరిమానా. పైవాడు చెప్పమన్నాడన్నది సాకు కాదు. "చెప్పను" అన్న ఉద్యోగికి అండగా నిలిచేదే మంచి కంపెనీ.

అపోహ: అందరినీ కలుపుకోవడం అంటే జాలిపడి ఉద్యోగమివ్వడం.

వాస్తవం: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఆ జాబితాలో ఉన్నాయి. ప్రైవేటు సంస్థలూ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆ చట్టమే చెబుతోంది. తీవ్ర తలసీమియా ఉన్న యువకుడికి కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆ రోజుకు షిఫ్టు సర్దితే మిగతా రోజులన్నీ అందరిలాగే పని చేస్తాడు. బాలింతల విషయమూ అంతే. మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో 26 వారాల సెలవు 2017లోనే హక్కుగా వచ్చింది.

అపోహ: చిన్న సెంటర్లో వేధింపులు ఎదురైతే దిక్కులేదు.

వాస్తవం: పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు మహిళే కావాలి. నలుగురే పనిచేసే శాంపిల్ సేకరణ కేంద్రమైతే జిల్లా స్థానిక కమిటీ ఉంది. కోదాడ అమ్మాయి సూర్యాపేట జిల్లా కమిటీకి, మిర్యాలగూడ అమ్మాయి నల్లగొండ జిల్లా కమిటీకి రాయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి.

అపోహ: తెలివి కొందరి రక్తంలోనే ఉంటుంది.

వాస్తవం: సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం మన దేశంలో దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన జనాల కలయికే. పాళ్లలోనే తేడా. కులం పేరు చూసి పని అంచనా వేసేవాడికి జన్యుశాస్త్రం నుంచి ఏ సాయమూ అందదు. వేలిముద్రలు చూసి పిల్లల భవిష్యత్తు చెబుతామనే డీఎంఐటీ పరీక్షలకూ శాస్త్రీయ ఆధారం లేదు.

అపోహ: ఉద్యోగంలో చేరితే మన డీఎన్‌ఏ కూడా కంపెనీదే.

వాస్తవం: కాదు. అయినా జాగ్రత్త అవసరం. జన్యు సమాచారం చూసి ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని అమెరికా 2008లోనే చట్టంతో నిషేధించింది, మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఉచితంగా పరీక్ష చేస్తామన్నా సరే, ఫలితం ఎవరి చేతికి పోతుందో చదివాకే సంతకం పెట్టండి.

ఇంటర్వ్యూ చివర "మీరేమైనా అడుగుతారా?" అంటారు. తల అడ్డంగా ఊపి లేచి రాకండి. మూడే ప్రశ్నలు అడగండి: మొదటి ఆరు నెలల్లో ఏం నేర్పుతారు? పొరపాటు జరిగితే ఎవరికి చెప్పాలి? అంతర్గత కమిటీ సభ్యులెవరు? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన చోట ధైర్యంగా చేరండి.