క్లచ్ లేకపోయినా... గేరు మీదే!

ఎడమకాలికి పనిలేదు. గేర్లు మార్చీ మార్చీ చెయ్యి నొప్పి పుట్టదు. లివర్‌ని ‘డి’లో పెట్టామా, యాక్సిలరేటర్ తొక్కామా... బండి దానంతటదే పోతుంది. 2014లో మారుతి సెలెరియోతో ‘ఏఎంటీ’ గేర్‌బాక్సు చిన్నకార్లలోకి వచ్చాక ఆ సుఖం మధ్యతరగతి ఇళ్లకీ అందింది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో దానికి వంక పెట్టలేం. అసలు పరీక్ష ఘాట్ రోడ్డులోనే!

తిరుమలనే తీసుకోండి. మామూలుగా కొండెక్కేది 1974లో ప్రారంభమైన రెండో ఘాట్‌లో. దిగేది 1944 నాటి మొదటి ఘాట్‌లో, మలుపు మీద మలుపు తిరుగుతూ. కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. ‘డి’లోనే దిగుతున్నారనుకోండి... యాక్సిలరేటర్ మీద కాలు లేదు కాబట్టి చాలా గేర్‌బాక్సులు పై గేరులోకి వెళ్లిపోతాయి. బండి జోరందుకుంటుంది. మీరు బ్రేకు తొక్కుతారు. తొక్కుతూనే ఉంటారు. డిస్కులు, ప్యాడ్లు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. వేడి మరీ ముదిరితే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ కిందదాకా దిగుతుంది... బండి మాత్రం ఆగదు!

దీనికి విరుగుడు తక్కువ గేరు. అందులో ఉంటే ఇంజినే చక్రాలను వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకులకు ఊపిరాడుతుంది. మీ లివర్ మీద ‘2’, ‘ఎల్’ ఉంటే అవి ఇందుకే. సీవీటీ కార్లలో కొన్నిటికి ‘ఎల్’, కొన్నిటికి ‘ఎస్’ లేదా ‘బి’ ఉంటుంది. ఏఎంటీ అయితే ‘ఎం’లోకి తెచ్చి మైనస్ వైపు నొక్కాలి. ఎన్నో గేరు? ఎక్కడానికి ఏది అవసరమో దిగడానికీ దాదాపు అదే. వాలు మొదలవకముందే, వేగం తగ్గించుకుని మార్చాలి.

‘న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు ఆదా’ అంటుంటారు కొందరు. నిజానికి ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి వాలులో దిగుతుంటే, కాలు తీయగానే ఇంధనాన్ని దాదాపు ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి పెట్రోలు కావాల్సిందే. ఆదా లేకపోగా ఇంజిన్ పట్టు కూడా పోతుంది.

ఎక్కేటప్పుడూ ఓ జాగ్రత్త. ముందు బండి ఆగితే మీరు బ్రేకు మీదే ఆగండి. యాక్సిలరేటర్ నొక్కి బండిని అక్కడే నిలబెడితే ఏఎంటీలో క్లచ్ అరిగిపోతుంది. మీకు పెడల్ లేదు కానీ, లోపల క్లచ్ ఉంది మరి!

వాలును గుర్తించి తామే గేరు తగ్గించుకునే కార్లూ ఉన్నాయి. మీది అలాంటిదో కాదో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొండకి బయల్దేరే ముందురోజు ఓ పది నిమిషాలు దాన్ని తిరగేయండి. వెనకసీట్లో పిల్లలు నిశ్చింతగా నిద్రపోతారు.