ఎత్తుపళ్ళు – ఓపికతో కుదురు పలువరుస

పండ్రెండేండ్ల పిల్ల నవ్వు వచ్చినపుడెల్ల అరచేతితో నోరు మూసికొనుచున్నచో దానిని మనము సిగ్గని తలంతుము. ఒక్కొక్కప్పుడు కారణము సిగ్గు కాదు, ఎత్తుపళ్ళు. బడిలో తోడివారు పెట్టిన పేరు ఇంటిలో చెప్పుకొనలేక ఆ బిడ్డ పెదవులు బిగించుకొనుచుండును.

పళ్ళు కరచినపుడు పైవరుస ముందుపళ్ళు క్రిందిపళ్ళను ఇంచుమించు మూడవవంతు కప్పుట సహజము. అంతకు మిక్కిలిగా కప్పివేయుట ఒక లోపము. పైపళ్ళు ముందునకు పొడుచుకొని వచ్చుట మరియొకటి. తరచుగా రెండును కలిసియుండును. ఇది అందమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. కప్పు మిక్కిలి ఎక్కువైనచో క్రిందిపళ్ళు పై అంగిలిని గాయపరచవచ్చును. ముందునకు వచ్చిన పళ్ళు ఆటలలో దెబ్బతగిలి విరుగుటయు ఎక్కువ.

దవుడయెముక ఇంకను పెరుగుచుండు 11 మొదలు 14 ఏండ్ల ప్రాయము ఈ చికిత్సకు అనుకూలమైనది. పూర్వము పంటిపంటికిని లోహపు పట్టీ తొడుగుచుండిరి. 1955లో బ్యూనకోర్ అను అమెరికా దంతవైద్యుడు పంటి పైపొరను ఆమ్లముతో గరుకుచేసి పదార్థములను అంటించు మార్గమును చూపెను. అందువలన నేడు ముందుపళ్ళకు చిన్న బిళ్ళలను అంటించి, వానిగుండా తీగను పోనిచ్చుచున్నారు.

పన్ను గోడలో దిగగొట్టిన మేకువంటిది కాదు. దానికిని ఎముకకును నడుమ పలుచని నారపొర కలదు. తీగ సన్నగా నెట్టినపుడు, ఒత్తిడి కలిగిన వైపున ఎముక కరగును. వెనుకవైపున క్రొత్త యెముక పుట్టును. ఈ విధముగా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగును. పై కోరపంటినుండి క్రింది దవుడపంటికి తగిలించు రబ్బరు వలయము పైవరుసను వెనుకకును, క్రిందివరుసను ముందునకును లాగును. దానిని వైద్యుడు చెప్పినంతసేపు పెట్టుకొనవలసినది బిడ్డయే.

తీగను మరికొంత బిగించినచో త్వరగా ముగియదా యని తలిదండ్రు లడుగుట కద్దు. ముగియదు. ఒత్తిడి మితిమీరినచో నారపొరలో రక్తప్రసారము స్తంభించి పంటికదలిక మందగించును, వేరుకొన కరగిపోవచ్చును. కావుననే సాధారణముగా 18 మొదలు 24 నెలలు పట్టును.

ఈ కాలమున చెరకు నమలుట, జంతికలు కొరుకుట, పల్లీపట్టి తినుట మానవలెను. జామకాయను ముక్కలుగా కోసి యీయవలెను. భోజనమైన ప్రతిసారియు బిళ్ళలచుట్టును తోముకొనవలెను. లేనిచో తీగ తీసిన పిమ్మట పళ్ళపై తెల్లని మచ్చలు మిగులును.

కడపట ఒక మాట. తీగ తీసిన దినముతో చికిత్స ముగిసినదని మనము పొరపడరాదు. క్రొత్తచోట ఎముక గట్టిపడువరకు పళ్ళు వెనుకటి చోటికే మరలజూచును. వానిని నిలుపు పలక వైద్యుడు చెప్పినన్నాళ్ళు ధరింపకున్నచో రెండేండ్ల శ్రమ వ్యర్థము కాగలదు. పళ్ళు ముందునకు వచ్చుట బిడ్డ తప్పు కాదు. వానిని నిలుపుకొనుటలో మాత్రము ఇంటివారందరి తోడ్పాటు వలయును.