పేరు నుంచి ఫైలు వరకు: ప్రోగ్రామింగ్ భాషలలో మాడ్యూళ్ల అన్వేషణ

వ్యాససంగ్రహం: ఒక ప్రోగ్రాం పలు ఫైళ్లుగా విస్తరించినప్పుడు, అందులో పేర్కొన్న మాడ్యూల్ ఏ ఫైలులో ఉన్నదో భాష ఏ నియమాల ప్రకారం నిర్ణయిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. పైథాన్‌ను ప్రధానంగా తీసుకొని, పెర్ల్, రూబీ, నోడ్‌లతో పోల్చి, వెతుకులాట ఎక్కడ మొదలవుతుందన్న అంశమే ఈ విధానాల మధ్య ముఖ్యభేదమని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: మాడ్యూల్, ప్యాకేజీ, అన్వేషణమార్గం, ప్రస్తుత డైరెక్టరీ, పైథాన్.

1. ఉపోద్ఘాతం

పదాల పౌనఃపున్యాన్ని గణించే పైథాన్ ప్రోగ్రాంను ఒక భాషాశాస్త్ర పరిశోధకుడు రాశాడనుకుందాం. మొదట అది ఒకే ఫైలు. పని పెరిగేకొద్దీ పాఠాన్ని పదాలుగా విడగొట్టే భాగం ఒక ఫైలులోకి, గణనభాగం మరొక ఫైలులోకి చేరాయి. ప్రధాన ఫైలు వాటిని ‘ఇంపోర్ట్’ వాక్యంతో పిలుస్తుంది. ఆ వాక్యంలో ఉండేది పేరు మాత్రమే. ఫైలు ఉన్న చోటు కాదు. పేరును బట్టి చోటును కనిపెట్టే బాధ్యత భాషది.

ఆ నియమాలు తెలియకపోతే రెండు ప్రమాదాలున్నాయి. మాడ్యూల్ దొరకక ప్రోగ్రాం ఆగిపోవడం మొదటిది. అదే పేరుగల వేరొక ఫైలు దొరికి, ప్రోగ్రాం నిరాటంకంగా నడిచి, తప్పుడు ఫలితాన్నివ్వడం రెండవది. పరిశోధనకు రెండవదే ఎక్కువ హానికరం.

2. పైథాన్ అన్వేషణక్రమం

పైథాన్ మొదట ఇదివరకే లోడైన మాడ్యూళ్ల పట్టికను చూస్తుంది. అందులో లేకపోతే తనలోనే ఇమిడివున్న మాడ్యూళ్లను, ఆ తరువాత ‘సిస్.పాత్’ అనే జాబితాలోని డైరెక్టరీలను వరుసగా వెతుకుతుంది. సాధారణంగా ఈ జాబితాలో మొదటిది నడుస్తున్న స్క్రిప్టు ఉన్న డైరెక్టరీ. ‘పైథాన్‌పాత్’ అనే పరిసరచరరాశిలో చేర్చిన డైరెక్టరీలు, ప్రామాణిక గ్రంథాలయం, విడిగా స్థాపించిన ప్యాకేజీలు దాని వెనుక వస్తాయి. మొదట దొరికినదే స్వీకృతం. అక్కడితో అన్వేషణ ముగుస్తుంది.

మన పరిశోధకుడు తన గణనఫైలుకు ‘స్టాటిస్టిక్స్’ అని పేరు పెడితే, అదే పేరుగల ప్రామాణిక మాడ్యూల్ మరుగున పడుతుంది. ఆ ప్రామాణిక మాడ్యూల్‌పై ఆధారపడే ఇతర గ్రంథాలయాలకు కూడా ఇతని ఫైలే అందుతుంది. ఇలాంటి పేర్ల ఘర్షణ వల్ల దోషం తలెత్తినప్పుడు ఫైలు పేరు మార్చమని సూచించే సందేశాన్ని 2024లో వచ్చిన 3.13 వెర్షన్‌లో చేర్చారు. అయితే దోషమే తలెత్తని చోట ఆ సహాయం అందదు.

3. ప్రారంభస్థానాల భేదం

స్క్రిప్టు ఉన్న డైరెక్టరీ, వాడుకరి ఆదేశమిచ్చే ప్రస్తుత డైరెక్టరీ ఒకటే కానవసరం లేదు. స్క్రిప్టును నేరుగా నడిపితే మాడ్యూళ్ల అన్వేషణ మొదటిదానినుంచి మొదలవుతుంది. కానీ అదే ప్రోగ్రాం సాపేక్షమార్గంతో తెరిచే దత్తాంశఫైలును ప్రస్తుత డైరెక్టరీ నుంచి వెతుకుతుంది. అందుకే వేరొక ఫోల్డరు నుంచి నడిపినప్పుడు మాడ్యూళ్లు దొరికినా పాఠసంచయం దొరకకపోవచ్చు. ‘-ఎం’ ఐచ్ఛికంతో నడిపితే మాడ్యూళ్లకు కూడా ప్రస్తుత డైరెక్టరీయే ప్రారంభస్థానమవుతుంది.

చుక్కతో మొదలయ్యే సాపేక్ష ఇంపోర్టులో ఆధారం ప్యాకేజీ పేరే. నేరుగా నడిపిన ఫైలుకు ‘మెయిన్’ అన్న ప్రత్యేకనామం లభిస్తుంది; దానికి మాతృప్యాకేజీ ఉండదు. కనుక పక్కనే ఫైలు ఉన్నప్పటికీ సాపేక్ష ఇంపోర్టు విఫలమవుతుంది. ప్యాకేజీకి పై డైరెక్టరీలో నిలిచి ‘-ఎం’తో నడిపితే ఈ చిక్కు తొలగుతుంది.

4. ఇతర భాషల విధానం

పెర్ల్ భాష చాలాకాలం తన అన్వేషణజాబితా చివర ప్రస్తుత డైరెక్టరీని ఉంచింది. ఇతరులు కూడా రాయగల డైరెక్టరీలో నిలిచి ప్రోగ్రాంను నడిపితే, లేని మాడ్యూల్ స్థానంలో వేరెవరో ఉంచిన ఫైలు లోడయ్యే అవకాశముండేది. ఈ భద్రతాకారణంతో 2017లో 5.26 వెర్షన్ దానిని తొలగించింది. రూబీ అంతకుముందే, 2010 నాటి 1.9.2 వెర్షన్‌లో, ప్రస్తుత డైరెక్టరీని జాబితానుంచి తీసివేసి, పిలిచే ఫైలునే ఆధారంగా తీసుకొనే ‘రిక్వైర్ రెలెటివ్’ను అందించింది. పైథాన్ 2022లో, 3.11 వెర్షన్‌లో, అసురక్షితమైన తొలిస్థానాన్ని చేర్చవద్దని చెప్పే ‘-పి’ ఐచ్ఛికాన్ని ప్రవేశపెట్టింది.

నోడ్‌లో చుక్కతో మొదలయ్యే మార్గానికి పిలిచే ఫైలే ఆధారం. బయటి ప్యాకేజీల విషయంలో ఆ ఫైలున్న డైరెక్టరీ నుంచి మూలడైరెక్టరీ వరకు ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ ‘నోడ్ మాడ్యూల్స్’ అనే ఫోల్డరు కోసం వెతుకుతుంది. అందువల్ల ఒకే ప్రోగ్రాంలో ఒక ప్యాకేజీకి చెందిన రెండు వెర్షన్లు పక్కపక్కనే ఉండగలవు.

5. ముగింపు

ప్రస్తుత డైరెక్టరీని ఆధారం చేసుకొంటే ఫలితం నడిపేవారు నిలిచిన చోటును బట్టి మారుతుంది. పిలిచే ఫైలును ఆధారం చేసుకొంటే ప్రోగ్రాం నిర్మాణాన్ని బట్టి నిలుస్తుంది. పైన చూసిన మార్పులు స్థూలంగా మొదటిదానికి దూరంగా జరిగాయి. పరిశోధకులు తమ ఫైళ్లను ప్యాకేజీగా అమర్చడం, సొంత కంప్యూటరులోని పూర్తిమార్గాలను ప్రోగ్రాంలో రాయకపోవడం, దత్తాంశఫైలు చోటును ప్రోగ్రాం ఫైలు ఆధారంగా గణించడం అవసరం. అనుమానం కలిగినప్పుడు, లోడైన మాడ్యూల్ ఏ ఫైలునుంచి వచ్చిందో దాని ‘ఫైల్’ లక్షణాన్ని ముద్రించి చూడవచ్చు. సిద్ధాంతగ్రంథానికి ప్రోగ్రాంను జతచేసేటప్పుడు దానిని ఏ డైరెక్టరీనుంచి, ఏ ఆదేశంతో నడిపారో కూడా అనుబంధంలో పేర్కొనాలి. ఆ వివరం లేకపోతే పరీక్షకుడు నడిపే ప్రోగ్రాం, పరిశోధకుడు నడిపిన ప్రోగ్రాం ఒకటేనని చెప్పలేం.