పంపకమునకు లొంగు సంఖ్యలు

ఇంట 12 అరిసెలున్నచో పిల్లలు ఇద్దరైనను, ముగ్గురైనను, నలుగురైనను, ఆరుగురైనను సమముగా పంచవచ్చును. 13 ఉన్నచో ఎట్లు పంచినను ఒకటి మిగులును, తగవు మొదలగును. సోదరీమణుల కందఱకు నిత్యానుభవమైన యీ విషయమే గణితశాస్త్రమున నొక గొప్ప విచారణకు మూలమైనది. దానినిందు వివరింపదలచితిమి.

ఒక సంఖ్యను శేషము లేకుండ భాగించు సంఖ్యలకు భాజకములని పేరు. 13నకు 1యు, 13ను దప్ప వేఱు భాజకములు లేవు; ఇట్టివి ప్రధానసంఖ్యలు. 12నకు ఆరు భాజకములు గలవు. అంతకు చిన్నదగు నే సంఖ్యకును ఆరు లేవు. ఇట్లు తనకంటె చిన్నవాని నన్నిటిని భాజకముల లెక్కలో మించినది మిక్కిలి విభాజ్యమగు సంఖ్య. 24, 36, 48, 60 ఇట్టివే. 60నకు 12 భాజకములుండగా, దానికంటె పెద్దదగు 100కు తొమ్మిదియే. మన పెద్దలు దినమునకు 60 గడియలనియు, గడియకు 60 విగడియలనియు లెక్కించిరి. అట్టి లెక్కలో సగము, మూడవపాలు, నాలుగవపాలు, అయిదవపాలు అన్నియు చిల్లర లేకయే వచ్చును.

ఈ సంఖ్యలనుగూర్చి శ్రీనివాస రామానుజన్ 1915లో లండను గణితసంఘమువారి పత్రికయందు దీర్ఘవ్యాసమును ప్రకటించెను. ఆయన 1887లో ఈరోడున జనించి, కుంభకోణమున పెరిగి, 1914లో కేంబ్రిడ్జికి వెళ్లెను. ఈ పరిశోధనకే 1916లో అచట పట్టమును బడసెను. ఆ వ్యాసమునందలి పట్టికలో కడపటి సంఖ్య 6746328388800. అనగా ఆరులక్షల డెబ్బదినాలుగువేల ఆరువందల ముప్పదిరెండు కోట్లకు మించినది!

దీనికి భాజకములెన్ని? 10,080. ఒక్కొక్కటిగా వెదకనక్కఱలేదు. మూడు చీరలును, రెండు రవికలును ఉన్నచో ఆరు విధముల ధరింపవచ్చును గదా! ఇదియు నట్టిదే. 12 అనగా రెండు 2లును, ఒక 3ను గుణింపగా వచ్చినది. భాజకమును గట్టునపుడు 2ను విడువవచ్చును, ఒకసారి గైకొనవచ్చును, రెండుసార్లు గైకొనవచ్చును: మూడు విధములు. 3ను విడువవచ్చును, గైకొనవచ్చును: రెండు విధములు. మూడు రెళ్లు ఆరు.

ఆ మహాసంఖ్యలో 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసి సార్లు, 11, 13, 17, 19, 23 ఒక్కొక్కసారి యున్నవి. ఒక్కొక్కదానికి ఒకటి కలిపి 7, 5, 3, 3లను గుణింపగా 315. దానిని అయిదుసార్లు రెట్టింపగా 10,080. చిన్న ప్రధానసంఖ్యకంటె పెద్దది ఎక్కువసార్లు రాకుండుట యిట్టి సంఖ్యలన్నిటికిని నియమము.

ఇంకొక విశేషము. నూటికి మించిన సంఖ్యలుగల యా పట్టికలో ఒకటి జారిపోయినది: 293318625600. కడపటి సంఖ్యను 23చే భాగించిన నిదియే వచ్చును; భాజకములు 5,040. సందేహమున్నచో పలకపై చేసి చూడుడు.

"ఆడుపిల్లకు లెక్కలేల?" యను మాట నేటికిని కొన్ని యిండ్ల వినవచ్చుచున్నది. అంతటి మేధావి పట్టికలోనే యొక సంఖ్య తప్పిపోగా, పలకపై నొక తప్పు చేసినంతమాత్రాన బాలికను కసరుట న్యాయమా? తల్లులారా, చెంత గూర్చుండి ఆ లెక్కను మఱల చేయింపుడు. అరిసెలు పంచుట తెలిసినవారికి భాజకములు తెలియకపోవు.